మంగళవారం డబ్బా

పన్ను పీకుతున్నంతసేపూ కిక్కురుమనని తాళాల మేస్త్రీ, మందుల చీటీ చూడగానే కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"యాంటీబయాటిక్ మాత్రం వద్దండీ. పన్ను పీకేశారుగా, ఇంకా ఇదెందుకు?"

పళ్ళ డాక్టరు చేతి తొడుగులు విప్పి బల్లమీద పడేశాడు. "జలుబుకీ దగ్గుకీ అడిగితే నేనే తిట్టి పంపిస్తాను. ఇది చీము. దవడ దాటి మెడలోకి దిగుతోంది. ఈరోజే మొదలుపెట్టాలి. ఐదు రోజులు, ఒక్క పూట కూడా తప్పకూడదు. ఏం, మీ ఒంటికి పడదా?"

"పడకేం. రేపు మంగళవారం..."

"అయితే?"

మేస్త్రీ చీటీ మడిచి పట్టుకుని బయటికి నడిచాడు. సంగతి చెబితే డాక్టరు నవ్వుతాడు. మాత్రలు కొన్నాడు, జేబులో వేసుకున్నాడు, ఇంటికొచ్చి తన తాళం తనే తీసుకున్నాడు. ఊళ్ళో అందరి తలుపులూ తెరిచేవాడే గాని, అతని తలుపు తట్టేవాళ్ళు లేరు.

ఒక్క మంగళవారం మాత్రం వేరు. ఆరోజు తొమ్మిదింటికి పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, చివరి గదిలో అతని కోసం ఎదురుచూస్తారు. అయినదానికీ కానిదానికీ యాంటీబయాటిక్స్ మింగి, పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని తుడిచిపెట్టుకున్న రోగులు కొందరుంటారు. ఆరోగ్యవంతుడి మలంలోంచి ఆ జీవుల్ని తీసి వాళ్ళకి ఎక్కిస్తారు. ఇచ్చేవాడు ఆరు నెలలుగా ఆ మాత్రలు ముట్టి ఉండకూడదు. మేస్త్రీ జన్మలో ముట్టలేదు. లోకమంతా కడిగి పారబోసేదాన్ని, అతని దగ్గర మాత్రం డబ్బాలో భద్రంగా పుచ్చుకుంటారు.

ఒక్క మాత్ర వేసుకుంటే ఆ గది ఆరు నెలలు బంద్. వేసుకుని చెప్పకపోతే? ఎవరి తాళమైనా తియ్యగలిగీ ఎవరింట్లోనూ చెయ్యి పెట్టని మనిషి. ఆ పని అతని వల్ల కాదు.

తెల్లారేసరికి ముఖం ఒక పక్క గుమ్మడికాయైంది. మంచినీళ్ళు కూడా గొంతు దిగనంటున్నాయి. అయినా డబ్బా పట్టుకుని మూడంతస్తులు ఎక్కాడు.

"తిన్నావా తల్లీ?" అన్నాడు గుమ్మంలోనే, ఎప్పటిలాగే.

నర్సమ్మ తలెత్తి, "అయ్యో బాబాయ్! ఏమిటా ముఖం?" అంటూ పరుగున వచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. జేబులోంచి తొంగిచూస్తున్న మాత్రల అట్ట లాగి చూసింది. ఒక్కటీ చింపలేదు.

"ఇవెప్పుడు ఇచ్చారు?"

"నిన్న. ఈ వారానిది ఇచ్చేసి, ఇంటికెళ్ళి..."

"మెడదాకా వాచింది, ఇంకా ఇంటికా! అవసరం లేకపోయినా మింగేవాళ్ళని చూశాను గాని, ప్రాణం మీదకొచ్చినా మింగని మహానుభావుణ్ణి మిమ్మల్నే చూస్తున్నా. వేసుకోండి ముందు!"

"ఆరు నెలలు నేను రాకపోతే ఇక్కడి రోగుల గతేంటమ్మా? నువ్వే అన్నావుగా, నాలాంటివాడు దొరకడని."

నర్సమ్మ గ్లాసులో నీళ్ళు పోస్తూ ఆగిపోయింది. బల్ల సొరుగు లాగి, అడుగునుంచి ఒక కవరు తీసింది. మీద మేస్త్రీ పేరు, చిరునామా. లోపల రెండే ముక్కలు: 'మీకు యాభై ఏళ్ళు నిండినందున మా నిబంధన ప్రకారం ఇకమీదట మీ దగ్గర తీసుకోలేము. ఇన్నాళ్ళ సేవకు కృతజ్ఞతలు.'

మేస్త్రీ తేదీ చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

ఎనిమిది నెలల కిందటిది.

"మరి... ఇన్నాళ్ళూ నా డబ్బాలు?"

"చెత్తలోకే, బాబాయ్."

చేతిలో ఉన్న డబ్బా మెల్లగా నేలమీద పెట్టాడు. అట్ట చింపి, ఒక మాత్ర నోట్లో వేసుకున్నాడు. గుటకకి ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడిక వేసుకోకపోవడానికి కారణమే లేదు.

"ఆ పిచ్చివాడు వస్తే రానీలే అనుకున్నావా? జాలిపడ్డావు కదూ?"

ఆమె స్ట్రెచర్ కోసం ఫోన్ చేసి, ఫ్రిజ్ పక్కనున్న ఒంటి కుర్చీ అతని దగ్గరికి లాగి కూర్చోబెట్టింది. గదిలో ఫ్రిజ్ రొద తప్ప ఇంకేమీ లేదు. గోడకున్న చిన్న కిటికీలోంచి ఇంకెవరో దాత చెయ్యి డబ్బా లోపలికి తోసింది. ముఖమైనా కనిపించకుండానే వెళ్ళిపోయింది.

నర్సమ్మ ఆ కిటికీ వైపే చూస్తూ అంది:

"జాలి మీమీద కాదు బాబాయ్, నామీద. తిన్నావా అని నన్నడిగేది మీరొక్కరే."