మృతుల పట్టీలో కొత్త పేరు

కాఫీ బల్ల మీద పరిచిన మృతుల పట్టీలో ప్రొఫెసర్ ఆంబ్రోస్ పెలమ్ పేరు కనిపించగానే బ్రయనీ చేతిలోని కప్పు సగం ఒలికిపోయింది.

"అయ్యో, ఎప్పుడు? ఎలా?"

"ఎవరికి తెలుసు? పొద్దున నేనొచ్చేసరికే పట్టీ ఇలా పరిచి ఉంది." సదస్సు నిర్వాహకురాలు మ్యూరియల్ ముక్కు తుడుచుకుంది. "నలభై ఏళ్ళలో మొదటిసారి నిన్న మనిషి భోజనానికి రాలేదు. అప్పుడే అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు."

ఇంగ్లండ్‌లో ససెక్స్ ప్రాంతంలోని హాథర్‌లీ మఠంలో ఏటా జులైలో జరిగే ఆంగ్లో-నార్మన్ చరిత్ర సదస్సుకు అదొక ఆచారం. తొమ్మిది వందల ఏళ్ళ కిందట అక్కడి సన్యాసులు చేసినట్టే, సభ్యుల్లో ఎవరైనా పోతే, కబురు ముందుగా తెలిసినవాళ్ళు గొర్రె తోలు పట్టీకి కొత్త ముక్క కుడతారు. పైన పేరు రాసి వదిలేస్తారు. వచ్చినవాళ్ళు పోయినవారి గురించి తలా నాలుగు మాటలు రాస్తారు.

బ్రయనీకి ఏడుపు రావాలి. వచ్చింది ఊరట. ఆ వెనకే సిగ్గు. ఒక కోట కట్టిన తేదీ గురించి పెలమ్ ముప్పై ఏళ్ళుగా చెబుతున్నది తప్పని ఆమె పది గంటలకు వ్యాసం చదవబోతోంది. వెనక వరసలో కూర్చుని వ్యాసాన్ని చీల్చి చెండాడడంలో ఆయనకు సాటి లేరు. ఇవాళ గట్టెక్కితేనే లెక్చరర్ ఉద్యోగానికి సిఫారసు రాస్తానంది మ్యూరియల్.

కలం తీసుకుని రాసింది: "మీ పుస్తకం చదివే ఈ దారికి వచ్చాను. మీరంటే హడలు. రెండూ నిజమే."

ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చిన ఫిర్మాన్ ఒబెర్ అందరికన్నా చివర్న పట్టీ దగ్గరికి నడిచాడు. ఒకప్పుడు ఆయనా పెలమూ ప్రాణస్నేహితులు. ఇరవై రెండేళ్ళ కిందట నిండు సభలో ఒబెర్ లేచి, "నా నోటుపుస్తకం దొంగిలించి నీ పుస్తకం రాశావు" అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరూ భోజనాల బల్లకు చెరో కొసన కూర్చుంటున్నారు. ఇవాళ ఒబెర్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చాలాసేపు రాశాడు.

నిన్న సాయంత్రం వానకు పెద్ద హాలు కప్పు కారడంతో సదస్సును పాత గుర్రాల శాలలోకి మార్చారు. పొద్దున సగం మంది దారి తప్పి వంటింట్లో తేలారు. అందరూ చేరాక బ్రయనీ చదివింది. ఎక్కడా తడబడలేదు. చప్పట్లు కూడా పడ్డాయి.

"ఒక ప్రశ్న అడగొచ్చా?" అంది వెనక వరసలోంచి ఒక గొంతు.

మ్యూరియల్ కెవ్వుమంది. తడిసిన టోపీ మోకాలి మీద పెట్టుకుని, ప్లాస్టర్ చుట్టిన చేతి బొటనవేలు పైకెత్తి పెలమ్ కూర్చుని ఉన్నాడు.

"మీరు... పోయారు కదా సార్?" అంది బ్రయనీ.

"ఆ సంగతి తర్వాత. ఇప్పుడే రైలు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాను. నువ్వు ఆధారంగా చూపిన మూడో పత్రంలో సాక్షుల పేర్లు చూశావా?"

"చూశాను సార్. మీరు చెప్పిన తేదీకి వాళ్ళలో ఇద్దరు చనిపోయి ఉన్నారు."

"చనిపోయినవాళ్ళు సాక్ష్యానికి పనికిరారా?"

శాలంతా గొల్లున నవ్వింది. పెలమ్ మాత్రం తల పంకించాడు. "సరే, నీదే ఒప్పు. నేను పొరబడ్డాను."

టీ దగ్గర పంచాయతీ మొదలైంది.

"దొంగ పత్రం దొరికితే మొదట ఏం అడగాలి? దానివల్ల ఎవరికి లాభం అని." మ్యూరియల్ పట్టీని బల్ల మీద పరిచింది. "ఈ సూత్రం మీదే కదా ప్రొఫెసర్ గారూ?"

"నాదే," అన్నాడు పెలమ్, టీలో బిస్కెట్ ముంచుకుంటూ.

"ఇవాళ ఈయన రాకపోతే ఎవరికి లాభం?"

తలలన్నీ బ్రయనీ వైపు తిరిగాయి.

"నేను కాదు!"

"నిన్న సాయంత్రం నా దగ్గర సూదీ దారం తీసుకున్నావు."

"కోటు గుండీ ఊడిందని!"

"ఏదీ, చూపించు."

గుండీ ఇంకా దారానికి వేలాడుతూనే ఉంది. "కుట్టుకోవడానికి తీరలేదు," అంది బ్రయనీ. ఆ మాట ఆమె చెవులకే అబద్ధంలా వినిపించింది.

"పట్టీకి కుట్టడానికి మాత్రం తీరిందన్నమాట! చచ్చినవాళ్ళ కోసం పెట్టుకున్న ఆచారమమ్మా ఇది, నీకు ఆటలా కనిపించిందా? సిఫారసు సంగతి మర్చిపో. మధ్యాహ్నం రైలుకి బయల్దేరు."

బ్రయనీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెలమ్ కప్పు కింద పెట్టాడు.

"ఆగు మ్యూరియల్. చెయ్యని తప్పు నెత్తిన పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అమ్మాయ్, ఆ పట్టీలో చివర రాసింది పైకి చదువు."

"వద్దు!" ఒబెర్ కుర్చీలోంచి లేచాడు.

అప్పటికే బ్రయనీ చదువుతోంది. "ఆంబ్రోస్, నా నోటుపుస్తకం నువ్వు తియ్యలేదు. ఆ చలికాలమే మా అటక మీద దొరికింది. నలుగురిలో అన్న మాట నలుగురిలో వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. నన్ను క్షమించు."

ఒబెర్ బట్టతల దాకా ఎర్రబడ్డాడు.

"ఇది మోసం!" బల్ల మీద గుద్దాడు. "నువ్వు బతికున్నావని తెలిస్తే అందులో ఒక్క అక్షరం రాసేవాణ్ణి కాదు!"

"తెలుసు," అన్నాడు పెలమ్, ప్లాస్టర్ వేలితో పట్టీ మీది కొత్త కుట్టును నిమురుతూ.

"అందుకే చచ్చాను."