మిట్టమధ్యాహ్నం తూలుతూ వచ్చినవాడు

తాపీ పనికి వెళ్ళిన జబ్బార్ మిట్టమధ్యాహ్నమే తూలుతూ వచ్చాడు. భార్య సబ్రియా గుమ్మంలోనే నిలదీసింది.

"మళ్ళీ తాగావా? పిల్లల మీద ఒట్టేశావు కదా!"

"బస్సు... గోడెక్కింది," అన్నాడు ముద్దముద్దగా.

"విన్నారా అత్తయ్యా, మీ అబ్బాయి మాటలు!"

హస్నా లేచొచ్చి కొడుకు నోరు వాసన చూసింది. నుదుటి మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

"వాసనేం లేదే పిల్లా. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. బస్రా ఎండలో పనిచేసొచ్చినోడికి చుక్క చెమట లేదు. వడదెబ్బే!"

కుళాయి నీళ్ళు సలసలమంటున్నాయి. సబ్రియా ఫ్రిజ్‌లోని సీసాలన్నీ తెచ్చి అతని ఒంటిమీద గుమ్మరించింది. హస్నా విసురుతూనే అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

సాయంత్రం ఆస్పత్రిలో జబ్బార్ కళ్ళు తెరిచాడు.

"నేను తాగలేదు, సబ్రియా."

"తెలుసు," అందామె, కళ్ళు తుడుచుకుంటూ. "పొద్దుట్నుంచీ నీళ్ళు కూడా తాగలేదు."