అన్నీ పచ్చగానే

"బుక్ చెయ్యకుండా వస్తే నేనేం చేసేది అక్కా? కంప్యూటర్‌లో పేరుంటేనే మిషను పెట్టేది," అంది నర్సు జెబ.

"ఈ వారమంతా పొద్దున్నే ఫోను పట్టుకోని నొక్కతానే ఉండా. సైటు తెరవంగానే ఫుల్ అంటాది," అంది సరణ్య. "మా నాయన కాళ్ళు చూడు మా, ఎట్ల ఉబ్బిపొయినాయో."

మాధవరంలో ఒక ట్రస్టు నడిపే, రోజుకు ముగ్గురికే చోటుండే ఉచిత డయాలసిస్ సెంటరది. హాల్లో వీళ్ళు తప్ప ఎవరూ లేరు. బల్ల మీద కాటయ్య గోడకు ఆనుకుని, నోటితో ఊపిరి తీస్తున్నాడు. పక్కన అతని భార్య వల్లి కొంగుతో విసురుతోంది. పెద్దాసుపత్రిలో అడిగితే మీ ముందు చాలామంది ఉన్నారన్నారు. ప్రైవేటు ఆసుపత్రి గడప తొక్కే తాహతు వాళ్ళకు లేదు.

"ముందు లైన్లో నిలబడితే దొరికేది. ఈ బుకింగ్ సైటు వచ్చింది, మా కొంప ముంచింది," అంది వల్లి.

సరణ్య తల దించుకుంది. ఆ సైటు తయారుచేసిన కంపెనీలోనే, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టరు ఆమె. అందులో ప్రతి బటనూ ఆమె చేతి మీదుగా పోయిందే. ఏం లాభం? సైటుకు మొహమాటాలుండవు.

జెబదీ వాళ్ళ పేట వ్యాసర్పాడే. మనసొప్పక గొంతు తగ్గించింది. "సరి, కూచోండి. బుక్ చేసినోళ్ళు టైముకు రాకుంటే, హాల్లోకొచ్చి పేర్లు పిలిచి, ఎవురూ పలక్కపోతే బెడ్డు నాయనకిచ్చేస్తా. అంతవరకూ నా చేతిలో ఏమీ లేదు," అని లోపలికి వెళ్ళింది.

సరణ్య ఫోను మోగింది. టీమ్ లీడర్ ఆనందన్. మంచి ఉత్సాహంగా ఉన్నాడు. ఈ రోజు కూడా సైటు టెస్టులన్నీ పచ్చగా వచ్చాయనీ, ఒక్క ఎర్ర గుర్తు లేదనీ తమిళంలో పొగిడాడు. సైటు ప్రారంభం నాడు ఆమె టెస్టులు ఏ సైటుకు పోవాలో చెప్పే ఒకే ఒక్క లైను మార్చి, ట్రస్టు పెద్దల ముందు అసలు సైటు మీదే టెస్టులు ఆడించి చూపింది కదా, వాళ్ళు ఇప్పటికీ ఆ ముచ్చటే చెప్పుకుంటున్నారట. సరణ్య థాంక్స్ చెప్పి పెట్టేసింది. పొగడ్త వినే ఓపిక ఎక్కడుంది?

"ఏమంట?" అంది వల్లి.

"టెస్టులన్నీ పచ్చగా ఉండాయంట."

"అదేం పని పాపా నువ్వు చేసేది? నాకు ఇంతవరకూ తెల్లేదు."

నాన్న మొహం చూస్తూ కూర్చోవడం కంటే ఏదో ఒకటి మాట్లాడటమే నయమనిపించింది సరణ్యకు. "సైటులో పేజీకొక పేజ్ ఆబ్జెక్ట్ అని చిన్న ప్రోగ్రాము రాసినా మా. పేరు ఆడ కొట్టాల, బటను ఈడ నొక్కాల అని అంతా దాంట్లో ఉంటాది. ఏదన్నా మారితే ఒక్కచోట మార్చుకుంటే చాలు. పొద్దున సైటు తెరవంగానే, మనిషి లేకుండా అదే క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో పొయ్యి బెడ్డు బుక్ చేసి చూస్తాది. బుక్కయితే పచ్చ. కాకుంటే ఎరుపు."

"కన్ను మూసి తెరిచేలోగా?"

"అంతే."

"మరి మీ నాయనకు ఒకటి చెయ్యమని చెప్పగూడదా దానికి?"

సరణ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అది ఉత్తుత్తిది మా. టెస్టుకని వేరే సైటు ఉంటాది. ఆడ బుక్ చేసేది, రేత్రికి తుడిచేసేది."

వల్లి విసిరే చెయ్యి ఆగింది. "పేషెంటు పేరు కొట్టాల గదా? మీ నాయన పేరు కొట్టినావా ఏంది?" బతికున్న మనిషిని ఉత్తుత్తిగానైనా రోగి అని రాస్తే లేని రోగం వస్తుందని, ఉన్నది ముదురుతుందని ఆమె భయం.

"నాకు తెలీదా మా? పోయినోళ్ళ పేర్లే పెట్టినా. తాత గురవయ్య, అవ్వ మునెమ్మ, పెదనాయన సెల్వం. వాళ్ళకింక ఏ రోగం వస్తాది?"

వల్లి ఊపిరి పీల్చుకుని మళ్ళీ విసరసాగింది.

కాటయ్య కళ్ళు తెరిచాడు. "మా నాయన కంప్యూటర్‌లో ఉండాడా?" అని నవ్వబోయాడు. దగ్గు తెర అడ్డం వచ్చింది. దగ్గు తగ్గాక నీళ్ళడిగాడు.

కిడ్నీ జబ్బుకు నీళ్ళు తాగకూడదు. సరణ్య చేతిగుడ్డ తడిపి పెదాలకు అద్దింది. గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యలేని బతుకైపోయిందే అనుకుంది. కాటయ్య కూతురి భుజం మీద తల వాల్చాడు.

"జెబా, ఇంకా ఎంతసేపు మా?" అని సరణ్య లోపలికి కేకేసింది.

"ఇంకొంచెమే అక్కా! ఇప్పుడొస్తా!"

"నాయనా, విన్యావా? ఇంకొంచెమేనంట."

కాటయ్య పలకలేదు. నిద్ర పట్టిందనుకుంది. భుజం మీద తల బరువుగా ఉంది. వల్లి భర్త వైపు వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత కొంగు వదిలేసి, కూతురి వైపు చూసింది.

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది.

"అక్కా, నాయన్ను లేపు! బెడ్డు దొరికింది!" జెబ మొహం వెలిగిపోతోంది. "ఈ ముగ్గురూ ఎప్పుడూ ఇట్లనే. సైటు పెట్టిన నాటి నుంచి అందరికన్నా ముందు బుక్ చేసేది, ఒక్కనాడూ రానే రారు. ఫుల్ అని చూసి వేరేవాళ్ళూ రారు. మిషన్లు ఊరికే పడుండేది. ఉండు, రూలుకు ఒకసారి పిలిచేస్తా."

ఖాళీ హాలు వైపు తిరిగి గొంతెత్తింది.

"గురవయ్యా! మునెమ్మా! సెల్వం!"