బాగోగుల ఫోను

మహమ్మారి పుణ్యమా అని హోటల్ మూతపడిన మూడో నెలలో, వంటాయనకు ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"సిబ్బంది బాగోగులు కనుక్కుంటున్నామండీ. ఆరోగ్యం ఎలా ఉంది?"

"గుండ్రాయిలా ఉన్నానమ్మా," అన్నాడు. మాట తేడా వస్తే మళ్ళీ పనిలోకి పిలిచేవాళ్ళ జాబితాలో పేరు కొట్టేస్తారని ఆయన భయం. పక్కనే బట్టలు మడతపెడుతున్న భార్య, అంతా బాగుందని చెప్పమని సైగ చేసింది.

"రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?"

"పడుకున్నానంటే ఒళ్ళు తెలీదు."

"దిగులుగా ఏమైనా..."

"దిగులెందుకమ్మా? రేపు తెరుస్తామంటే రేపే వచ్చి గరిటె పట్టుకుంటా."

అవతల కీబోర్డు టకటక ఆగిపోయింది. ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది.

"ఏమైందమ్మా?"

"అందరూ ఇలాగే చెబుతున్నారండీ. నిద్ర పట్టనిది నాకొక్కదానికేనేమో. ఈ ఫోన్లు చెయ్యడం అయిపోతే నా ఉద్యోగమూ అయిపోయినట్టే."

వంటాయన పక్కన భార్య ఉన్న సంగతే మరిచిపోయాడు.

"నీకొక్కదానికే కాదు తల్లీ," అన్నాడు. "తెల్లార్లూ గోడవైపు తిరిగి నిద్ర నటిస్తున్నా. తెలిస్తే మా ఆవిడ బెంగపెట్టుకుంటుందని."

భార్య చేతిలో చొక్కా సగం మడతలోనే ఆగిపోయింది.

"నాకు తెలుసు," అంది మెల్లగా. "నేనూ మేలుకునే ఉంటున్నాగా."