కోత పండుగకు వట్టి చేతులు

ఓ మనిషీ, అన్నం ముందు కళ్లు మూసుకుని స్తోత్రం చెబుతావు సరే, కళ్లు తెరిచాక ఏం చేస్తున్నావు? సిగ్గుంటే ఈ కథ విను.

ఒక అడవిలో ఎలుగుబంటి సంఘపెద్ద. ప్రార్థన చేయనిదే తేనె ముట్టేది కాదు. ముట్టిందంటే మాత్రం పట్టంతా, అందులోని ఈగపిల్లలతో సహా, నాకేసేది.

అడవిలో మిగిలిన చివరి పట్టు దగ్గర తేనెటీగ అడ్డం వచ్చింది. "పెద్దమ్మా, తేనె తీసుకో. పిల్లలున్న వైపు వదిలెయ్. మేం పోతే ఈ చెట్లకు కాయ పట్టదు."

"దేవుడు ఈ అడవిని నా చేతిలో పెట్టాడే!"

"కాపాడమని పెట్టాడు, మింగమని కాదు."

"ఓసి ఈగా, నాకే వాక్యం చెబుతావా? నా బిడ్డ ఎదగాలి," అంటూ ఎలుగుబంటి తన బిడ్డను పిలిచింది. రెండూ కలిసి పట్టంతా ఊడ్చేశాయి.

మరుసటి ఏడు నేరేడు చెట్లు విరగబూశాయి, కానీ ఒక్క కాయా నిలవలేదు. కోత పండుగనాడు దేవుడి ముందు తొలిపంట పెట్టాలని జంతువులన్నీ చేరాయి. ఎవరి చేతిలోనూ పండు లేదు.

"స్తోత్రం చెప్పు పెద్దమ్మా," అంది ఉడుత.

ఎలుగుబంటి తల వంచుకుని, ఆకలితో నడవలేని బిడ్డను వీపున వేసుకుని గుహకు నడిచింది. అక్కడ దించి చూస్తే బిడ్డలో ఊపిరి లేదు.