వాకిట్లో మంత్రగత్తె

పుసాన్ పట్నం నుంచి పెళ్లివారు యోన్‌సిల్‌ని చూసుకోవడానికి వచ్చి లోపల కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే వాకిట్లోకి కొండవతలి మంత్రగత్తె వచ్చింది.

ఏటా కోతలయ్యాక ఒకసారి ఇలాగే వస్తుంది. రంగు వెలిసిన ఎర్ర లంగా. చేతిలో, పూజలో పెట్టిన బియ్యపు రొట్టె.

యోన్‌సిల్ గబగబా వాకిట్లోకి వచ్చింది. వంశంలో మంత్రగత్తె ఉన్న ఇంటి పిల్లని ఎవరూ చేసుకోరు. వాకిట్లో కనబడినా అనుమానమే.

"ఎందుకొచ్చావ్? పో!"

"పోతాన్లేవే. రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

"నీకెందుకు?"

"చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటోందా?"

"నీ పిచ్చి నాకు అంటించకు!"

మంత్రగత్తె నవ్వింది. "ఉండట్లేదన్నమాట. హమ్మయ్య."

కాబోయే అత్తగారు తొంగిచూసింది. "ఎవరు వదినగారూ ఆవిడ? మీకు తెలుసా?"

పెసరట్లు వేస్తున్న తల్లి తలెత్తలేదు. "తెలీదు వదినగారూ. అడుక్కోవడానికి వచ్చినట్టుంది."

అట్టు మాడిపోతోంది. ఆమె తిరగెయ్యలేదు.

తల్లి పక్కనున్న జాడీలోంచి యోన్‌సిల్ గుప్పెడు ఉప్పు తీసుకెళ్లి, దయ్యాన్ని తరిమినట్టు ఆ మనిషి మొహాన కొట్టింది. తల్లి ఆపలేదు.

మంత్రగత్తె కళ్లు నులుముకుంది. "చెయ్యి మంచి బలంగా ఉందే! పెళ్లికొడుకు జాగ్రత్తగా ఉండాలి."

రొట్టె గోడ మీద పెట్టి వెళ్లిపోయింది. యోన్‌సిల్ దాన్ని కుక్కకి వేసింది.

సంబంధం కుదిరింది.

పెళ్లి పనులు మొదలైన రోజుల్లో పక్కింటావిడ గోడ మీంచి చెప్పింది. "మంత్రగత్తె పోయిందట. ఏడవడానికి ఒక్క మనిషైనా లేరట, పాపం."

తల్లి పెట్టె తెరిచి ముతక తెల్లబట్టలు తీసింది. అయినవాళ్లు పోతేనే కట్టే బట్టలవి.

"అమ్మా! మతిపోయిందా? పెళ్లివారికి తెలిస్తే?"

"తెలియనీ."

"ఎవరో మంత్రగత్తె కోసమా?"

తల్లి ఆ బట్టలు కట్టుకుని నడుముకి తాడు బిగించుకుంది. కూతురి మొహంలోకి చూడలేకపోయింది.

"చిన్నప్పుడు నీకు దేవత పూనింది. మాటలైనా సరిగ్గా రాని పిల్లవి, ఎవరింట్లో చావు జరుగుతుందో చెప్పేదానివి. రక్తసంబంధం ఉన్న ఆడది తన నెత్తికి ఎత్తుకుంటే తప్ప ఆ దేవత నిన్ను వదలదన్నారు. కన్నతల్లిని, నేనే వెనక్కి తగ్గాను..."

ఆమె తాడుకి మరో ముడి వేసింది.

"పెళ్లి నిశ్చయమైన నా చెల్లెలు ముందుకొచ్చింది."