స్టీరింగ్ మీద తువ్వాలు

“తువ్వాలేగా! తీసి పక్కన పడేసి బండి బయటికి తియ్యి,” అన్నాడు యజమాని.

డ్రైవరు కదల్లేదు. అప్పుడే లాగిన టార్పాలిన్ అంచు ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆ షెడ్డు పెద్దమేస్త్రి అయిన మామగారు ఆస్పత్రిలో చేరిన నాటి నుంచీ ఆ కొండ జీపు పట్టా కిందే ఉండిపోయింది. స్టీరింగ్ మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. దాని మీద గళ్ళ తువ్వాలు, రెండు మడతలుగా, శుభ్రంగా.

“మామయ్యది సార్,” అన్నాడు మెల్లగా.

“తెలుస్తూనే ఉందిగా. నిన్న మీ ఆవిడొచ్చి పెద్దమేస్త్రి సామానంతా పట్టుకెళ్ళింది. ఇదొక్కటీ మర్చిపోయినట్టుంది.”

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పెద్దమేస్త్రి పెట్టిందే. బండి కిందికి దూరే మనిషి తాళంచెవి తన జేబులో వేసుకోవాలి, తన తువ్వాలు స్టీరింగ్ మీద వేయాలి. తువ్వాలు ఉన్నంతసేపూ కింద మనిషి ఉన్నట్టే లెక్క. ఇంకెవరూ బండి ముట్టుకోకూడదు. వేసిన చెయ్యే తియ్యాలి. ఎప్పుడో ఎవరో తొందరపడి బండి స్టార్ట్ చేస్తే, కింద పని చేస్తున్న పెద్దమేస్త్రి తమ్ముడి కాలు పోయింది. ఆనాటి నుంచి యజమాని అయినా సరే, తువ్వాలు కనబడితే దూరంగా నిలబడి, “ఏం మేస్త్రీ, ఇంకెంతసేపు?” అని అడగాల్సిందే.

“ఇప్పుడు అడుగుదామన్నా కింద ఎవరున్నారయ్యా?” అన్నాడు యజమాని. “చూరు కింద వాళ్ళు ఎంతసేపు నిలబడతారు? వాన పెరిగితే కొండ దారి మూసేస్తారు. వాళ్ళు ఇంకో బండి చూసుకుంటారు. నువ్వూ నేనూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.”

కొండ మీది ఫోన్ టవరు బాగుచేసే మనుషులు సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని సన్నటి వానను చూస్తున్నారు. వాళ్ళ వెనక నుంచి డ్రైవరు భార్య వచ్చింది. ఒక చేతిలో కారియర్ సంచి, ఇంకో చేతిలో నీళ్ళు కారే గొడుగు. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆమె నడక కూడా చప్పుడు చేయడం మానేసింది.

“రామ్మా, నువ్వే చెప్పు మీ ఆయనకి. మీ నాన్న తువ్వాలు తీయడానికి చెయ్యి రావట్లేదట. పోనీ నువ్వు తియ్యి. కూతురివి, నీకు అడ్డేముంది?”

ఆమె జీపు వైపు చూసింది.

“నేను తీయను బాబాయ్. తువ్వాలుందంటే కింద పని మిగిలుందని కదా. అది చూడకుండా తీస్తే నాన్న ఒప్పుకునేవారా?”

“ఒప్పుకోవడానికి ఆయన ఉంటే కదమ్మా!”

అనేశాక యజమాని నాలుక్కరుచుకున్నాడు. మూలనున్న స్టూలు లాగి, తన కండువాతోనే దుమ్ము దులిపి ఆమె ముందు పెట్టాడు. ఆమె కూర్చోలేదు.

“ఒక్కసారి కిందికి దూరి చూడమనండి. ఏమీ లేకపోతే నేనే తీసేస్తాను.”

చూరు కింద నుంచి టవరు మనుషుల్లో పెద్దవాడు కల్పించుకున్నాడు. “చూడనివ్వండి సార్. టవరెక్కే గుండె ఉంది గానీ, పోయినాయన తువ్వాలు తోసేసి ఈ బండెక్కే గుండె లేదు మాకు.”

“కానివ్వండి,” యజమాని చేతులెత్తేశాడు. “బతికున్నన్నాళ్ళూ నన్ను ఆపాడు. పోయాక కూడా ఆపుతున్నాడు.”

డ్రైవరు చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాడు. జాకీతో బండి వెనక భాగం ఎత్తి, ఇనుప స్టాండ్లు తెచ్చాడు.

“రెండు నిమిషాల పనికి అవి కూడానా?”

“జాకీ ఎత్తడానికే సార్, మొయ్యడానికి కాదు.”

అది పెద్దమేస్త్రి మాట. యజమాని తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. డ్రైవరు దాన్ని జేబులో వేసుకుని, తన తువ్వాలు కూడా ఆ తువ్వాలు పక్కనే వేసి కిందికి దూరాడు.

ఆమె నేల మీద గొంతుక్కూర్చుంది. బయటికి కనబడుతున్న అతని పాదాలనే చూస్తూ ఉండిపోయింది.

వెనక చక్రం దగ్గర బ్రేకు గొట్టం రబ్బరు పగిలి ఉంది. నూనె చార చక్రం మీదుగా నేల దాకా దిగింది. డ్రైవరు దాన్ని వేళ్ళతో తాకి చూశాడు. నిన్న భోజనాల దగ్గర ఆమె, “జీపు వెనక చక్రం కింద తడిగా ఉందండీ, ఓనరు గారికి చెప్పండి,” అంది. వానాకాలం నేల తడిగా ఉండక పొడిగా ఉంటుందా, ఆయన నవ్విపోతాడు అని తనే నవ్వేశాడు.

“బ్రేకు గొట్టం పోయింది సార్,” బయటికొచ్చి చెయ్యి చాపాడు. “ఎక్కేటప్పుడు తెలియదు. దిగేటప్పుడు...”

యజమాని అతని వేళ్ళ మీది తడిని తన వేళ్ళతో తాకి వాసన చూశాడు. తర్వాత స్టీరింగ్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

“మహానుభావుడు. ఆస్పత్రికి పోతూ కూడా బండికి కాపలా పెట్టి పోయాడు. నా కళ్ళే మూసుకుపోయాయి.” టవరు మనుషులతో, “ఇవాళ్టికి బండి లేదు. మొత్తం విప్పి చూశాకే కదిలేది. మీరు వేరే బండి చూసుకున్నా నేనేం అనుకోను,” అన్నాడు.

“రేపు పోదాం లెండి. ఈ బండిలోనే పోదాం,” అన్నాడు పెద్దవాడు.

అందరూ ముందు గదిలోకి వెళ్ళాక డ్రైవరు తన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఎంతకీ తుడవడం అవలేదు.

“మామయ్యది అలాగే ఉండనీ. తీసే హక్కు మనకెవరికీ లేదు. వేసిన చెయ్యే కదా తియ్యాలి.”

ఆమె లేచి వెళ్ళి స్టీరింగ్ మీది తువ్వాలు తీసింది. మడత పెట్టి కారియర్ సంచిలో పెట్టుకుంది.

“అదేంటి, తీసేశావ్?”

ఆమె అతని చొక్కాకి అంటిన మట్టి దులిపింది.

“వేసిన చెయ్యే తీసింది లెండి.”